ఆ పిల్ల తరఫున ఎవరు కూర్చుంటారు?

ఈ పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలకు ముందుగా ఒక మాట. మీ ఎదుట బెంచీ మీద కూర్చున్న ఆడమనిషి మొట్టమొదట మీ దగ్గరికే వచ్చిందని అనుకోకండి. అంతకు ముందే ఆమె ఒక మసీదు గుమ్మమో, గుడి మెట్లో, ప్రార్థన షెడ్డో ఎక్కి దిగి ఉంటుంది. అక్కడ ఎవరో తల మీద చెయ్యి పెట్టి ఓర్చుకోమ్మా అని ఉంటారు. ఆమె ఓర్చుకుని ఉంటుంది. ఇక చేతకాక మీ దగ్గరికి వస్తుంది. కాబట్టి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను శంషాబాద్ మనిషిని. కుటుంబ సలహా కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోకండి. పోలీస్ స్టేషన్ వెనక ఒక గది, రెండు బెంచీలు, ఒక టేబులు, తిరగనని మొండికేసే ఫ్యాను. వచ్చినవాళ్లు నా బురఖా చూసి, నా తెలుగు విని, ఇంత బాగా ఎట్లా మాట్లాడుతున్నారు మేడం అని ఆశ్చర్యపోయేవాళ్లు. మా తాతలు పుట్టింది ఇక్కడే, నేను చదివింది సర్కారు బడిలో తెలుగు మీడియం, ఉర్దూ రాయమంటేనే నాకు చెమటలు పడతాయని చెప్పేదాన్ని. వాళ్లు నవ్వేవాళ్లు. అలా నవ్వాక కొంచెం తేలిగ్గా మాట్లాడేవాళ్లు.

పెద్దలు లేని చోట

విమానాశ్రయం వచ్చాక మా చుట్టుపక్కలకు దేశం సగం వచ్చింది. మైలార్‌దేవ్‌పల్లి ఫ్యాక్టరీల్లోకి బిహార్ వాళ్లు, గోదాముల్లోకి ఒడిశా వాళ్లు, మంఖాల్, తుక్కుగూడ వైపు లేచే బిల్డింగుల పనికి శ్రీకాకుళం వాళ్లు. అందరూ పని కోసం వచ్చారు. పెద్దవాళ్లను ఎవరూ వెంట తెచ్చుకోలేదు.

ఆ లోటు ఎంతటిదో ఇంట్లో గొడవ వచ్చిన రోజున తెలుస్తుంది. సొంత ఊళ్లో ఆడపిల్లను కొడితే అన్న వస్తాడు, మేనమామ వస్తాడు. వాళ్లంతా న్యాయమే చెబుతారని నేననను. కానీ ఆమె తరఫున నలుగురు వచ్చి కూర్చుంటారు. ఇక్కడ కిరాయి గదిలో ఉండే పిల్లకు ఎవరున్నారు? అరుపులు వినబడితే ఇంటి ఓనరు వచ్చి గది ఖాళీ చేయమంటాడు, అంతే.

అందుకే వాళ్లు దేవుడి చోటుకు పోతారు. ఆ చోట్లను నేను చిన్నచూపు చూడను. కొత్తగా దిగిన కుటుంబానికి గది చూసిపెట్టేది వాళ్లే. దవాఖానలో రక్తం కావాలంటే పరుగెత్తేది వాళ్లే. మనిషి చనిపోతే శవాన్ని ఊరికి చేర్చేదీ వాళ్లే. ఇంత చేసేవాళ్లు మొగుడు కొట్టాడని చెబితే మాత్రం తడబడతారు. ఎందుకు తడబడతారో తెలుసుకోవడమే నా ఉద్యోగంలో సగం.

ఇద్దరు మనుషులు, రెండు పొరపాట్లు

మాకొక పై అధికారి ఉండేవాడు. మంచివాడే, లంచం ముట్టడు, కోపం ఎరగడు. వీళ్లు మన మాట వినరు మేడం, వాళ్ల మతపెద్దల మాట వింటారు, అక్కడికే పంపించండి అనేవాడు. అలాగే ఒక బిహార్ అమ్మాయిని వాళ్ల మసీదు కమిటీకి అప్పజెప్పాడు. మా వాళ్ల సంగతి గనక నేనే చెప్పాలి. ఆ కమిటీ పెద్దలు చెడ్డవాళ్లు కారు. భర్తను పిలిచి గట్టిగా చీవాట్లు పెట్టారు. నీ భార్య పోలీసుల దాకా పోయేట్టు చేసుకున్నావు, సిగ్గులేదా అన్నారు. ఆమె పోలీసుల దాకా పోయిందన్న సంగతి అతనికి తెలిసింది అప్పుడే. తర్వాత ఆమె మా గదికి చేతికి కట్టుతో వచ్చింది.

ఇంకొకామె నా తోటి ఉద్యోగి. బాగా చదువుకున్న పిల్ల, ఉడుకు రక్తం. ఒక ఒడియా ఆడమనిషి తన భజన బృందంలోని గురువు గారు సర్దుకుపొమ్మన్నారని ఏడుస్తుంటే, అసలు ఆ భజనకు పోవడమే మానెయ్ అంది. ఆమె తలూపి వెళ్లిపోయింది, మళ్లీ మా గడప తొక్కలేదు. వారమంతా కలిపి ఆమెను పేరు పెట్టి పిలిచే చోటు అదొక్కటే. అది కూడా వదిలెయ్యమంటే ఆ పిల్ల ఎక్కడికి పోతుంది?

ఒకరు మొత్తం వాళ్లకే వదిలేశారు. ఇంకొకరు మొత్తం తెంచెయ్యమన్నారు. ఈ రెండింటి మధ్య దారి కష్టమైనది. దాన్ని ముందే ఎవరూ గీసిపెట్టలేదు.

ఆపుకోగలడు

భక్తి మనిషిని మారుస్తుందా అని చాలామంది అడిగారు. నాకు తెలిసింది చెబుతాను. అయ్యప్ప మాల వేసుకున్న ఒకతను మాల మెడలో ఉన్నన్నాళ్లూ భార్య మీద చెయ్యెత్తలేదు. ఆమెను కూడా స్వామీ అని పిలిచేవాడు. మాల తీశాక మామూలే. రంజాన్ నెలంతా పువ్వులా ఉండి, పండుగ పోయాక పెళ్లాం జుట్టు పట్టుకున్నవాళ్లను మా గల్లీలోనే చూశాను.

ఆడవాళ్లు దీన్ని చెప్పి, ఆయన మంచోడే మేడం, చూడండి ఆ నెలంతా ఎట్లున్నాడో అనేవాళ్లు. నేను వాళ్లకు ఒకటే చెప్పేదాన్ని. "కొట్టకుంట ఉండనీకి చాతనైతదని ఆయనే చూపెట్టిండు గదమ్మా. కోపం ఆగదు, చెయ్యి ఆగదు అన్నదంతా ఉత్తదే."

గౌరి అడిగినది

గౌరిది శ్రీకాకుళం వైపు పల్లె. భర్త పేరు సింహాచలం. ఇద్దరూ ఇక్కడికి వచ్చాక క్రైస్తవంలో కలిశారు. పేరు మార్చుకోకపోయినా వాళ్ల సంఘంలో ఎవరికీ అభ్యంతరం లేదు. పాస్టర్ గారు కూడా బ్రదర్ సింహాచలం అనే పిలిచేవారు. అతను సెంట్రింగ్ పనికి మేస్త్రీ. ఆమె విమానాశ్రయం దగ్గర గోదాములో ప్యాకింగ్ పని చేసేది. ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకడం లేదని అక్కడి సూపర్‌వైజరమ్మ గమనించి దవాఖానకు తీసుకుపోయింది. కర్ణభేరి చిరిగిందని డాక్టరు చెప్పారు. దెబ్బ వల్లనే అని కూడా చెప్పారు. ఆ సూపర్‌వైజరమ్మే ఆమెను మా గదిలో దిగబెట్టి వెళ్లింది.

నేను అలవాటుగా చట్టం గురించి, కేసు గురించి మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"కేసు ఒద్దమ్మా. ఆదివారం ఆయన్ని లెగనీకుండా సెయ్యండి. అదొక్కటి సాలు."

నాకు అర్థం కాలేదు. నిదానంగా అడిగితే చెప్పుకొచ్చింది. వాళ్ల సంఘంలో నెలకొక ఆదివారం సాక్ష్యాల ఆదివారం. దేవుడు తన జీవితంలో చేసిన మేలేదో ఒక్కొక్కరు లేచి అందరి ముందు చెబుతారు. కిందటేడు సింహాచలం లేచాడు. నేను తాగేవాణ్ని, నా భార్యను గొడ్డును బాదినట్టు బాదేవాణ్ని, ప్రభువు నన్ను మార్చాడు అన్నాడు. చెబుతూ ఏడ్చాడు. సంఘమంతా ఏడ్చింది. పాస్టర్ గారు గౌరిని పిలిచి అతని పక్కన నిలబెట్టి ఇద్దరి చేతులూ కలిపారు. చప్పట్లు కొట్టారు.

తాగుడు నిజంగానే మానాడు. కొట్టడం మాత్రం నెల తిరక్కుండానే మళ్లీ మొదలైంది, ఈసారి దెబ్బ పైకి కనిపించని చోట. సాక్ష్యం బాగా చెబుతాడని పేరొచ్చింది. వేరే సంఘాల వాళ్లు కూడా పిలవడం మొదలుపెట్టారు. పిలిచిన ప్రతిచోటికీ గౌరి వెంట వెళ్లి పక్కన నిలబడాలి. ఇక వచ్చే ఆదివారం మళ్లీ సాక్ష్యం చెప్పించి అతన్ని సంఘ పెద్దగా నిలబెడుతున్నారు. ఆ సంఘంలో ఇంటి గొడవలు మొదట వినేది పెద్దలే. అంటే ఆమె రేపు దెబ్బలు తిని ఫిర్యాదు చేస్తే, అది వినే కుర్చీలో అతనే కూర్చుంటాడు.

నేను అంతవరకూ చూసిన మగవాళ్లంతా కొట్టిన సంగతి దాచేవాళ్లు. ఇతను దాచలేదు. అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, దాన్ని పాత సంగతి చేసేశాడు. ఇప్పుడు గౌరి నోరు విప్పితే అబద్ధాలకోరయ్యేది అతనొక్కడే కాదు. కన్నీళ్లు పెట్టుకున్న ప్రతి ఒక్కరూ మోసపోయినవాళ్లవుతారు. ఏ మనిషీ దాన్ని సులువుగా ఒప్పుకోడు. ఇది అర్థమయ్యాక నాకు భయం వేసింది. ఆ ఆదివారం దాటిపోతే ఈ పిల్ల ఇంకెక్కడా నోరు విప్పదు.

పాస్టర్ గారి షెడ్డు

ఆ షెడ్డు మంఖాల్ ఊరి చివర. పైన రేకులు, కింద ప్లాస్టిక్ చాపలు. తలమీదుగా విమానం పోతుంటే ఎవరు మాట్లాడుతున్నా ఆపేసి, అది దాటాక వదిలిన చోటి నుంచే అందుకుంటారు. పాస్టర్ దేవదానం గారిదీ శ్రీకాకుళమే. తాపీ పని చేస్తూ చేస్తూ పాస్టరయ్యారు. నేను వెళ్లినప్పుడు గోళ్లలో సిమెంటు అలాగే ఉంది. ఒకావిడ వెనక చాపలు దులుపుతూ ఉంది.

గౌరి అనుమతి తీసుకునే వచ్చాను. ఆమె చెవి పోయిందని చెప్పాను. ఆయనకు తెలియదు. సింహాచలం కన్నీళ్లు నేను చూశానమ్మా, అవి అబద్ధం కావు అన్నారు.

"నిజమైన కన్నీళ్లే కావచ్చు పాస్టర్ గారు. ఏడ్చినోళ్లు మళ్ల కొట్టరని ఎవరు చెప్పిన్రు?"

"ఇద్దరూ నా బిడ్డలేనమ్మా. నేనొకరి పక్షం వహిస్తే ఎలా?"

ఈ మాట నేను అన్ని మతాల వాళ్ల దగ్గరా విన్నాను. ఇమామ్ సాబ్ అన్నారు, పంతులు గారు అన్నారు. వినడానికి ఎంత ధర్మంగా ఉంటుందో. దెబ్బ తిన్న మనిషిని, కొట్టిన మనిషిని సమానంగా చూస్తే దెబ్బ తిన్న మనిషికి ఒరిగేదేమీ లేదు. ఆ రోజు వాదించే ఓపిక లేక, మీ ఊళ్లో ఆడపిల్లను కొడితే ఏం చేస్తారని అడిగాను. ఆయన మొహం కొంచెం వెలిగింది. పిల్ల తరఫువాళ్లు వచ్చి ఒక పక్క కూర్చుంటారు, పిల్లాడి తరఫువాళ్లు ఇంకోపక్క కూర్చుంటారు, పిల్లవాళ్లు సరేననేదాకా ఆ పిల్లను ఎవరూ తీసుకుపోలేరు అని చెప్పారు.

"మరి ఈడ ఆ పిల్ల తరఫున ఎవరు కూసున్నరు?"

విమానమేదీ పోవడం లేదు, అయినా ఆయన మాట్లాడలేదు. చివరికి, ప్రార్థన చేస్తాను అన్నారు. ప్రార్థన చేయండి, పెద్దగా మాత్రం నిలబెట్టకండి అన్నాను. అప్పుడు అసలు సంగతి చెప్పారు. సంఘంలో సగం మంది సింహాచలం కింద పనిచేసేవాళ్లే. అతను కదిలితే వాళ్లంతా కదులుతారు. కష్టపడి కట్టుకున్న సంఘం చెదిరిపోతుంది. కనీసం నిజం చెప్పారనుకున్నాను గానీ, కోపం ఆపుకోలేక సలాం కూడా చెప్పకుండా బయటికి వచ్చేశాను.

దాలమ్మ

బస్సు కోసం నిలబడి ఉంటే చాపలు దులిపినావిడ వెనకే వచ్చింది. పేరు దాలమ్మ. విమానాశ్రయం రోడ్డు మధ్య తోటల్లో గడ్డి కోసే పని. తోటి పనివాళ్లు ఇద్దరితో కలిసి తుక్కుగూడలో ఒక గదిలో ఉంటుంది. లోపల మేం మాట్లాడిందంతా వింది.

మేం తల్లిగారు అనే పుట్టింటివాళ్లను వాళ్లు కన్నోరు అంటారు, పిల్లను గుంట అంటారు. "ఆ గుంటకి కన్నోరు లేరని ఎవులన్నారమ్మా? నానున్నాను," అంది.

నేను వెంటనే కరిగిపోలేదు. అలా ముందుకొచ్చి, మొదటి కేకకే వెనక్కి తగ్గినవాళ్లను చూశాను. మీరు కూడా చూస్తారు. అతను గుమ్మం ముందుకొచ్చి అరుస్తాడు, సంఘంలో నిన్ను పలకరించడం మానేస్తారు, ఇది ఒకపూట పని కాదు, బాగా ఆలోచించుకో అన్నాను.

"ఎండలో పడి గడ్డి కోసుకునేదాన్ని. ఆడి కేకలకి బెదురుతానేటి?" అంది దాలమ్మ. నాకు నవ్వొచ్చింది. ఆ వారంలో నవ్వడం అదే మొదలు.

మర్నాడు నేను ఈ మాట చెబితే, గౌరి షిఫ్టు అయ్యాక నేరుగా దాలమ్మ గదికి వెళ్లిపోయింది. అక్కడి దాకా ధైర్యంగానే వచ్చింది. కానీ ఆదివారం ప్రార్థనకు వెళ్లవద్దు, ఈ ఒక్కసారికి ఆగిపో అంటే మాత్రం ఒప్పుకోలేదు. "తప్పు సేసింది నాను కాదు గదమ్మా. నానెందుకు మానాల?" అంది. స్టేషన్‌లో చెప్పి ఒక మహిళా కానిస్టేబుల్‌ను మామూలు చీరలో షెడ్డు బయటి టీ బండి దగ్గర ఉండమన్నాను. దేవుడి మీద నమ్మకం వేరు, జాగ్రత్త వేరు. మీరు కూడా ఈ రెంటినీ కలపకండి.

ఆ తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను, ఎందుకంటే చట్టం మీకు పుస్తకాల్లో దొరుకుతుంది. గౌరి తనంతట తానే కేసు పెడతానంది. కోర్టు రక్షణ ఉత్తర్వు ఇచ్చింది. సింహాచలం సంఘం వదిలాడు, కొన్ని కుటుంబాలు అతనితో పోయాయి, కొన్ని మెల్లగా తిరిగొచ్చాయి. ఎడమ చెవికి వినికిడి మాత్రం రాలేదు. ఇవన్నీ మన పనే, చేయవలసిందే. కానీ ఇవేవీ జరగడానికి ముందు ఆ ఆదివారం జరిగింది. అది ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఆ ఆదివారం

నేను ఆడవాళ్ల వైపు చివర కూర్చున్నాను. నా బురఖా చూసి కొందరు వెనక్కి తిరిగారు. ఒక ముసలావిడ తన చాపలో చోటిచ్చింది. నాకు ముందు వరుసలో గౌరి, ఆమె పక్కన దాలమ్మ. పాటలయ్యాయి. పాస్టర్ గారి మొహం పాలిపోయి ఉంది. నావైపు చూడలేదు.

సాక్ష్యాల సమయం రాగానే సింహాచలం లేచాడు. తెల్ల చొక్కా, చక్కటి గొంతు. మైకు అందుకుని ఎప్పటి మాటలే చెప్పాడు. అబద్ధం చెప్పకూడదు, వింటుంటే నాకే ఒక క్షణం నమ్మాలనిపించింది. చివరికొచ్చి, నా భార్య గౌరి నా పక్కన నిలబడుతుంది అని చెయ్యి చాపాడు. ఇంటి నుంచి వెళ్లిపోయినా ఇంతమంది ముందు కాదనలేదని అతని ధీమా. జనం అప్పుడే చప్పట్లు మొదలుపెట్టారు.

గౌరి లేవలేదు. అతను నవ్వుతూ మళ్లీ చెయ్యి ఊపాడు. చప్పట్లు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. అప్పుడు దాలమ్మ లేచింది.

"సింహాచలం, నీ సాక్ష్యం నువ్వు సెప్పుకో నాయినా. ఆ గుంట ఇప్పుడు మా ఇంటికాడ ఉంది. కావాలంటే మా గుమ్మానికొచ్చి అడగాల. ఇక్కడ సెయ్యి సాపితే రాదు."

ఆమె వెనక ఒక్కరూ కదల్లేదు. ఆడవాళ్లంతా తలలు దించుకున్నారు. వాళ్ల మగవాళ్లు ఆ మేస్త్రీ కింద పనిచేసేవాళ్లు మరి. ఇంకొక్క నిమిషం ఇలాగే గడిస్తే ఆమె ఒంటరిదైపోతుంది, గౌరి లేచి అతని పక్కకు వెళ్లిపోతుంది అనుకున్నాను. నేను లేస్తే పనికిరాదు. నేను బయటిదాన్ని.

పాస్టర్ గారు కుర్చీలోంచి లేచారు. మైకు కోసం అనుకున్నాను. ఆయన మైకు వైపు వెళ్లలేదు. చెప్పులు లేని కాళ్లతో చాపల మధ్య నుంచి నడిచి మావైపు వచ్చారు. దాలమ్మను కూర్చోమని సైగ చేసి, ఆమె పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని, సింహాచలానికి ఎదురుగా కూర్చున్నారు. వాళ్ల ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు, ఆ కూర్చోవడానికి అర్థమేమిటో అందరికీ తెలుసు. నాకు చోటిచ్చిన ముసలావిడ లేచి వెళ్లి వాళ్ల వెనక కూర్చుంది. ఇంకొకామె జరిగింది. మరొకామె చాపతో సహా జరిగింది.

సింహాచలం నవ్వు పోయింది. ఏటిది పాస్టర్ గారూ అన్నాడు. అప్పుడతను మైకు కిందికి దించి, మామూలు గొంతుతో, ఇంట్లో పిలిచినట్టుగా పిలిచాడు.

"గౌరీ, ఇంటికి పద."

ఆమె వినబడే చెవిని అతనివైపు తిప్పి విన్నది. కూర్చున్న చోటి నుంచి కదల్లేదు.

"మా కన్నోర్ని అడుగు," అంది.

అతను దాలమ్మను చూశాడు, వెనక కూర్చున్న ఆడవాళ్లను చూశాడు, చివరికి పాస్టర్ గారి దగ్గర ఆగాడు.

"పంపం, సింహాచలం," అన్నారు ఆయన.